బూట్లకంటిన మట్టి

బిలాస్‌పూర్, రైల్వే కాలనీ,
9 సెప్టెంబరు 1990.

చిరంజీవి సూర్యానికి, నీలవేణప్ప దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం ఆనవాయితీ గాని, అమ్మ మోకాళ్ళు క్షేమంగా లేవు. మాకీ గది ఇచ్చిన ఆంధ్రా సంఘం బళ్ళో ముప్పై మంది పిల్లల చేత గుణింతాలు వల్లె వేయించి నా గొంతూ క్షేమంగా లేదు. మిగతాదంతా బాగానే ఉంది. నీ కట్టుడు కాలు ఇంకా ఒరుసుకుంటోందా? ఇరవై ఏడేళ్ళవాడివి, మీసాలు రాని పిల్లల పక్కన ఇంటర్ క్లాసులో కూర్చుంటున్నావని మీ అమ్మ రాయించింది. అది చదివి అమ్మా నేనూ చాలాసేపు నవ్వుకున్నాం. తర్వాత అమ్మ కళ్ళు ఒత్తుకుంది. గిరి ఉంటే వాడూ నీ పక్క బెంచీలో ఉండేవాడంది.

తమ్ముడు పోయి వచ్చే నెలకి మూడేళ్ళు. శ్రీలంక నుంచి ఫౌజు తిరిగొచ్చిన రోజున ఈ ఊళ్ళో ఎవరూ ఒక దండ పట్టుకుని స్టేషన్‌కి వెళ్ళలేదని మన సంఘం సెక్రటరీ శంకరరావు గారికి ఇప్పుడు బాధ పట్టుకుంది. గార్డుగా రిటైరయ్యారు కదా, ఏ పనైనా జెండా ఊపి మొదలెట్టాలాయనకి. అందుకని పరుగు పెడుతున్నారు. జనవరి ఇరవై, ఆదివారం, మన రైల్వే గ్రౌండులో నాలుగు చుట్లు, అంటే మైలు. మన గిరిబాబుది, బెల్తరా రైతు కొడుకుది, తిఫ్రాలో లారీ డ్రైవరు గారి అబ్బాయిది, అక్కడ పోయిన ముగ్గురి ఫోటోలూ పెడతారు. పరిగెత్తేవాళ్ళ పేరు మీద షెడ్డులోనూ ఆఫీసుల్లోనూ చందాలిస్తారు. ఆ డబ్బుతో ఫౌజు నుంచి తిరిగొచ్చి మళ్ళీ చదువుకునేవాళ్ళకి స్కాలర్‌షిప్పు ఇస్తారు. నాకు నచ్చింది.

ఫౌజు భర్తీకి వెళ్ళిన రోజు గిరి తొడుక్కున్న తెల్ల కాన్వాసు బూట్లు అమ్మ దగ్గర ఉన్నాయి కదా. ఆ మట్టితో సహా వాడి తువ్వాల్లో చుట్టి ఆరేళ్ళుగా ట్రంకులో దాచింది. దులపనివ్వదు. వాటిని ఫోటో ముందు బల్ల మీద పెడదామని శంకరరావు గారన్నారు. నువ్వొచ్చి, ఆ రోజు పరుగులో నూటముప్పై మందిలో గిరి నాలుగోవాడిగా ఎలా వచ్చాడో మైకులో చెప్పాలి. అది కళ్ళారా చూసినవాడివి నువ్వొక్కడివే.

వస్తున్నానని వెంటనే రాయి.

మీ అప్ప,
నీలవేణి


పార్వతీపురం,
28 సెప్టెంబరు 1990.

నీలవేణప్పకి సూర్యం నమస్కారాలు. పెద్దమ్మకి కూడా.

ఉత్తరం అందింది. నా క్లాసు గురించి నవ్వుకున్నారంటే సంతోషమే. మా లెక్చరరు నాకంటే రెండేళ్ళు చిన్న. హాజరు పిలిచేటప్పుడు నా ఒక్కడి పేరుకే ‘గారు’ తగిలిస్తాడు, పిల్లలు బల్లలు కొడతారు. కాలు పర్వాలేదు. మెట్లు ఎక్కడం కష్టం, దిగడం ఇంకా కష్టం. మా అమ్మకి మాత్రం అంతా బాగుందనే చెబుతాను.

పరుగు ఆలోచన మంచిది. తిరిగొచ్చి చదువుకునేవాళ్ళని ఎవరూ పట్టించుకోరు. మా కాలేజీ గుమాస్తా నన్ను చూసి, పింఛను వస్తుంది కదా, ఈ వయసులో చదువెందుకు అన్నాడు. అలాంటివాళ్ళకి మీ స్కాలర్‌షిప్పే జవాబు.

రావడం మాత్రం కుదిరేలా లేదప్పా. జనవరిలో పరీక్షలంటున్నారు. మైకులో మాట్లాడ్డం నావల్ల కాదని నీకు తెలుసు. ఆరో తరగతిలో పద్యం చెప్పమంటే వెనక గుమ్మంలోంచి పారిపోయినవాణ్ణి.

ఒక్క మాట. బూట్లు బల్ల మీద పెట్టడమెందుకు? ఫోటో చాలదా? పదిమందీ ముట్టుకుంటారు, పాడైపోతాయి. వాటిని పెద్దమ్మ దగ్గరే ఉండనివ్వండి.

సూర్యం


బిలాస్‌పూర్,
21 అక్టోబరు 1990.

సూర్యం,

నీ ఉత్తరంలో పదకొండు తప్పులున్నాయి. మా రెండో తరగతి వాళ్ళకి ఇచ్చి దిద్దించాలనిపించింది. ‘పర్వాలేదు’కి వత్తు ఎక్కడ పెట్టావో చూసుకో. హిందీ బడి పుణ్యమా అని ఈ కాలనీ పిల్లలందరిదీ ఇదే రాత. మా గిరిది నీకంటే ఘోరం. ఫౌజు నుంచి ‘అప్పా’ అని రాయబోయి ‘అప్పు’ అని రాశాడొకసారి. ఎంత కావాలో రాయి అని నేను జవాబిచ్చాను.

పరీక్షలని సాకు చెప్పకు. మీ కాలేజీ జనవరి పరీక్షలు సంక్రాంతికి ముందే అయిపోతాయని మీ అమ్మ రాయించింది. ఎందుకు నీళ్ళు నములుతున్నావో నాకర్థం కావడం లేదు.

కరపత్రం ఒకటి ఇందులో పెడుతున్నాను. హిందీలో అచ్చేశారు. గిరి ఫోటో కింద ‘తేజ్ ధావక్’ అని ఉంది చూడు, వేగంగా పరిగెత్తేవాడని. బెల్తరా అబ్బాయి నాన్న కూడా వచ్చి మాట్లాడి వెళ్ళాడు. కొడుకు సంగతి చెప్పమంటే, ఎద్దుల్ని బాగా చూసుకునేవాడని ఒక్క మాటన్నాడు.

అసలు సంగతి. మొదటి స్కాలర్‌షిప్పు నీకే ఇవ్వాలని కమిటీలో ఒప్పుకున్నారు. నేను అడగలేదు, శంకరరావు గారే అన్నారు. గిరిబాబు పేర మొదటిది వాడి జతగాడికే వెళ్ళాలన్నారు. నీకు డిగ్రీ అయ్యేదాకా పుస్తకాలకీ, హాస్టలుకీ దిగులుండదు. కట్టుడు కాలుతో రోజూ కాలేజీకి ఆ ఎనిమిది మైళ్ళ బస్సు తప్పుతుంది.

ఇక అమ్మ. నిన్న వంటింట్లో కూర్చుని ఇలా అంది, అన్నది అన్నట్టే రాస్తున్నాను: “సూర్యం ఒక్కడే సూసినోడు. ఆడి నోటంట ఒక్కసారి ఇనాల. పిల్లడు ఎలగ పరిగెట్టినాడో ఇంటే, ఇంక నాకేటీ అక్కర్లేదు.”

దీనికి ఏం జవాబు రాస్తావో రాయి.

నీలవేణి


పార్వతీపురం,
10 నవంబరు 1990.

అప్పకి,

స్కాలర్‌షిప్పు నాకొద్దు. తిఫ్రాలో ఎవరైనా ఉంటారు, వెతికి వాళ్ళకివ్వండి. నా చదువు ఎలాగో జరుగుతోంది.

పరుగుకి రాలేను. పెద్దమ్మకి నా క్షమాపణ చెప్పు. కరపత్రంలో గిరి ఫోటో కింద ఆ రెండు మాటలూ తీసేయమని శంకరరావు గారిని అడగగలిగితే అడుగు.

సూర్యం


బిలాస్‌పూర్,
25 నవంబరు 1990.

సూర్యం,

నీ నాలుగు ముక్కల ఉత్తరం చేరింది. అమ్మకి చదవలేదు. అందలేదని చెప్పాను.

మా తమ్ముడు నీకేం అన్యాయం చేశాడు? పదేళ్ళపాటు డ్యూటీకెళ్ళినట్టు రోజూ సాయంత్రం మా క్వార్టరుకి వచ్చావు. మా అమ్మ అన్నం గిన్నెలో మిగిల్చిన మాడు కోసం వాడూ నువ్వూ కొట్టుకునేవారు. వాడు పోయిన తర్వాత ఒక్కసారే వచ్చావు. కొత్త కాలుతో, మీ నాన్న భుజం పట్టుకుని. గుమ్మం దగ్గరే కూర్చుని, మంచినీళ్ళయినా ముట్టకుండా వెళ్ళిపోయావు. ఒంట్లో బాగాలేదనుకున్నాం. ఆ తర్వాత మీ నాన్న రిటైరై మీరంతా పార్వతీపురం వెళ్ళిపోయారు. దూరమనుకున్నాం. ఇప్పుడు ఏమనుకోవాలి?

వాడు బాగా పరిగెత్తాడని రెండు మాటలు చెప్పడానికి నీ నోరు ఎందుకు రావడం లేదు? వాడు బతికొచ్చి నువ్వు రాకపోయుంటే, నీ గురించి వాడు పదూళ్ళు తిరిగి చెప్పేవాడు.

కారణం రాయగలిగితే రాయి. లేకపోతే ఇంక ఉత్తరాలు రాయకు.

నీలవేణి


పార్వతీపురం,
12 డిసెంబరు 1990.

అప్పకి,

కారణం రాస్తున్నాను. దీన్ని ముందు నువ్వొక్కదానివే చదువు. పెద్దమ్మకి చెప్పాలో వద్దో నీ ఇష్టం.

గిరి ఆ రోజు పరిగెత్తలేదు.

అంతకుముందు రెండుసార్లు భర్తీలో వాడు మూడో చుట్టులో కూర్చుండిపోయిన సంగతి మీకు తెలుసు. పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుని ఆగిపోయేవాడు. ఊపిరి చాలేది కాదు. పొద్దున్నే గ్రౌండుకి తీసుకెళ్ళి ఏడాదిపాటు పరిగెత్తించాను, ఆ మూడో చుట్టు దాటలేకపోయాడు. ఎనభైనాలుగులో వయసు ప్రకారం వాడికదే ఆఖరి అవకాశం. నా జట్టు ముందు పరిగెత్తింది. నూటముప్పై మందిలో నాలుగోవాడిగా వచ్చింది నేను, ఇంటికొచ్చి వాడు తనదిగా చెప్పింది ఆ లెక్కే. వాడి జట్టుకి ఇంకా రెండు గంటలుంది.

నంబర్లు గుడ్డ ముక్కల మీద రాసి, బనీను మీద నాడాతో కట్టుకోమని ఇచ్చారు. గీత దగ్గర రాసుకునే హవల్దారు పొద్దుట్నుంచీ మన కాలనీ వాళ్ళందర్నీ ‘మద్రాసీ’ అనే పిలుస్తున్నాడు. బక్కగా, నల్లగా ఉన్న ఇద్దరు కుర్రాళ్ళలో ఎవరెవరో ఆయనకేం తెలుసు? నీళ్ళ ట్యాంకరు వెనక్కి వెళ్ళి, గిరి గుడ్డ విప్పి నేను కట్టుకున్నాను. 412. రెండో మైలు పరిగెత్తాను. టైము దాటకముందు చేరిన ఆఖరి వాళ్ళలో ఒకడిగా గీత మీద పడ్డాను. హవల్దారు 412 అని రాసుకున్నాడు. అయిపోయింది.

గిరి ట్యాంకరు వెనకాలే మా ఇద్దరి మూటలూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నాకు నీళ్ళిచ్చి నవ్వాడు. “నా పరుగు నువ్వే పరిగెట్టీసేవు. రేపు నా డూటీ కూడా నువ్వే సేస్తావేటి?” అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

ట్రైనింగులో గుంపుగా పరుగు. ముందు నేను, నా బెల్టు పట్టుకుని వాడు. కొంత అలవాటు పడ్డాడు. వైర్‌లెస్ పని ఇచ్చారు, అందులో వాడిని మించినవాడు లేడు. జాఫ్నాలో ఒక పొద్దున్న మేం ఇరవై మందిమి ఒక బీడు దాటాలి. చెట్టు లేదు, గట్టు లేదు. అవతల కొబ్బరితోట. పరిగెత్తమన్నారు. నేను దాటాను. వెనక్కి తిరిగి చూస్తే వాడు వీపు మీద రేడియోతో సగం దాటి నిలబడిపోయాడు. చెయ్యి పక్కటెముకల మీద ఉంది. మన గ్రౌండులో ఎలా నిలబడేవాడో అచ్చం అలాగే.

వెనక్కి వెళ్ళలేకపోయాను అని రాసి కొట్టేశాను. వెళ్ళలేదు.

పరుగొచ్చినవాడైతే బతికేవాడా అంటే చెప్పలేను. వాడికంటే ముందు పరిగెత్తిన ఇద్దరు కూడా పడిపోయారు. కాని వాడు ఆ బీడులో ఉండాల్సినవాడు కాదప్పా. వాణ్ణి అక్కడికి చేర్చినవి నా కాళ్ళు. నాలుగు నెలల తర్వాత వాటిలో ఒకటి పోయినప్పుడు నాకు పెద్దగా బాధనిపించలేదు.

ఆ ఆలోచన నాదే. గిరి అడగలేదు. ఎవరూ అడగలేదు.

ఇప్పుడు చెప్పు, మైకు ముందు నేనేం మాట్లాడను? వాడి పేర వచ్చే డబ్బుతో ఏ ముఖం పెట్టుకుని చదువుకోను?

బూట్ల సంగతే నాకు అర్థం కాదు. పెద్దమ్మ దాచుకున్న ఆ మట్టి ఎక్కడిదో. రైలు దిగి మీ గుమ్మం ఎక్కేదాకా వాడి బూట్లు నువ్వు సుద్ద పూసి పంపినంత తెల్లగానే ఉన్నాయి. నేను పక్కనే ఉన్నాను.

సూర్యం


కార్డు
పార్వతీపురం, 6 జనవరి 1991.

అప్పా, డిసెంబరు 12న ఒక ఉత్తరం వేశాను. చేరిందో లేదో ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే. — సూర్యం


బిలాస్‌పూర్,
22 జనవరి 1991.

సూర్యం,

ఉత్తరం చేరి నెల దాటింది. నా హాజరు పట్టీలో పెట్టుకుని రోజూ బడికి తీసుకెళ్ళాను, తీసుకొచ్చాను. జవాబు రాయలేకపోయాను. నీ మీద కోపం వచ్చి కాదు. ‘ఎవరూ అడగలేదు’ అని రాశావు చూడు, ఆ ముక్క దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

అడిగిందెవరో నీకు తెలుసు. భర్తీకి ముందురోజు సాయంత్రం కుళాయి దగ్గర నీ బకెట్టు పక్కకి నెట్టి అడిగాను. నాన్నకి షెడ్డులో ఇంకా ఐదు నెలల సర్వీసే ఉందని, తర్వాత క్వార్టరు ఖాళీ చెయ్యాలని, అమ్మని ఎక్కడ పెట్టాలని అడిగాను. గిరికి గోల్ బజారులో రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టుకోవాలని ఉండేది. ఆ మాటెత్తితే నేనే నోరు మూయించాను. స్క్రూలు తిప్పితే కడుపు నిండుతుందా అన్నాను. ఆ సాయంత్రం నీతో, “ఎలాగోలాగ ఆణ్ణి దాటించీరా సూర్యం” అన్నాను. నువ్వు తలూపి బకెట్టు ఎత్తుకున్నావు. ఇన్నేళ్ళూ ఆ మాట నీలోనే దాచుకున్నావు. తప్పంతా రాసుకున్న ఉత్తరంలో కూడా నా మాట రాయలేదు.

బూట్ల సంగతి కూడా విను. మర్నాడు సాయంత్రం గిరి సెలెక్టయ్యానంటూ ఇంట్లోకి వచ్చాడు. అమ్మ వాడి నెత్తిన చేతులు పెట్టింది, నాన్న మిఠాయికి పరిగెత్తారు. నేను వాడి కాళ్ళు చూశాను. పొద్దున్న నేను పూసిన సుద్ద ఎక్కడా చెదరలేదు. ఎర్ర మొరం మీద మైలు పరిగెత్తినవాడి బూట్లు అలా ఉంటాయా? క్షణంలో అర్థమైంది. అడగలేదు. అడిగితే వాడు చెప్పేస్తాడు, చెబితే నాన్న మర్నాడే తీసుకెళ్ళి ఒప్పేసుకుంటారు. ఇప్పుడు లేరు గాని ఆయన సంగతి తెలుసు కదా, టికెట్టు లేకుండా ప్లాట్‌ఫారం కూడా ఎక్కని మనిషి. అందుకని అందరూ మిఠాయి తింటుంటే, విప్పిన బూట్లు తీసుకెళ్ళి కుళాయి దగ్గర మట్టిలో అద్ది, గుమ్మంలో పెట్టాను. వాడు చూశాడు. ఇద్దరం ఆ తర్వాత దాని మాటెత్తలేదు. అమ్మ ఆరేళ్ళు కళ్ళకద్దుకున్నది నేను పూసిన మట్టి.

నిన్ను మైకు ముందుకి లాగాలని ఎందుకంత పట్టుబట్టానో ఇప్పుడు చెబుతున్నాను. నువ్వు పదిమందిలో అవునంటే, ఆ మట్టి నిజమైపోతుందనుకున్నాను. నా పాపానికి నీచేత సాక్ష్యం చెప్పించబోయాను.

పందొమ్మిదో తారీకు మధ్యాహ్నం ట్రంకు తీసి బూట్లు కడిగేశాను. సుద్ద పూసి ఎండలో పెట్టాను. అమ్మ చూసి, మట్టేదే అని కేకేసింది. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. నీ మాట, నా మాట, బీడు మాట కూడా. కొట్టుంటే బాగుండేది. ఆ తెల్ల బూట్లు ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత అంది: “ఆడికి పరుగు రాదని నాకు తెల్దేటి? పంచదారకి పంపితే నడిసెల్లి నడిసొచ్చీవోడు. నాలుగోవోడిగా వచ్చినానంటే, నా పిల్లడు నాకోసం పరిగెట్టినాడు గావాల అనుకున్నాను. పరుగు రానోడిని పరుగుకి పంపీసేం.” పంపీసేం అంది, సూర్యం. పంపీసేవు అనలేదు. ఆ ఒక్క అక్షరంలో తనని కూడా కలుపుకుంది. అది విన్నాక నేను ఏడ్చాను. మూడేళ్ళలో సరిగ్గా ఏడ్చింది ఆ రోజే.

మిగిలిన కరపత్రాల్లో ఆ రెండు మాటల మీదా కూర్చుని సిరా పూశాను. పూర్తి సంగతి శంకరరావు గారికి చెప్పలేదు, అది ఊరిది కాదు. మైకులో మరి ఏం చెప్పమంటావమ్మా అన్నారు. మన క్వార్టర్ల లైనులో గిరి బాగుచెయ్యని రేడియో లేదని చెప్పమన్నాను. అచ్ఛా అని అదే చెప్పారు. ఆడవాళ్ళంతా ఒక్కసారి తలలూపారు, మా ఇంటిది ఇప్పటికీ పాడుతోంది అని ఒకావిడ అంది. వాడి గురించి అంత నిజమైన మాట వాడు పోయాక నేను వినలేదు. తెల్ల బూట్లు ఫోటో ముందే పెట్టాం. ఎవరూ ఏమీ అడగలేదు.

పరుగుకి రెండొందల మందికి పైగా వచ్చారు. గంట కొట్టడం, టైము చూడటం, ముందొచ్చినవాడికి కప్పు ఇవ్వడం వద్దన్నాను, ఒప్పుకున్నారు. ఓపిక లేనివాళ్ళు ఎక్కడ ఆగినా ఆ చందా చెల్లుతుందని రాయించాను. నేనూ చీర కుచ్చిళ్ళు దోపి పరిగెత్తాను. మూడో చుట్టులో, కుళాయి మలుపు దగ్గర నాకూ ఊపిరందలేదు. పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. వాడికి అక్కడ ఎలా ఉండేదో ముప్పై మూడేళ్ళు వచ్చాక తెలిసింది నాకు. ఏడాదిపాటు వాణ్ణి ఆ మలుపు దగ్గర చూస్తూ కూడా, ఇంకొంచెం ఇంకొంచెం అని అరిచినదాన్ని.

నిన్ను క్షమించానని రాయను. ఆ హక్కున్నవాడు లేడు. తప్పు చేసినవాళ్ళ వరసలో నీ ముందు నిలబడాల్సినదాన్ని నేను. నువ్వు తలుపు దగ్గర కూర్చుని వెళ్ళిపోయిన రోజున నేను లోపల దాక్కున్నట్టే కూర్చున్నాను. ఇంక నువ్వు గుమ్మంలో కూర్చోకు. ఎండాకాలం సెలవుల్లో రా. అమ్మ మాడు మిగులుస్తానంది.

స్కాలర్‌షిప్పు ఫారం ఇందులో ఉంది. ఒప్పుకున్నవాళ్ళ సంతకాల దగ్గర ఆఖర్న ఉన్న వేలిముద్ర అమ్మది. అన్నీ విన్న తర్వాత వేసింది. నంబరు గడి ఆఫీసువాళ్ళు నింపుతారు, నువ్వు ముట్టుకోకు. పై గడిలో మాత్రం తప్పుల్లేకుండా, గుండ్రంగా, నీ పేరే రాయి.

మీ అప్ప,
నీలవేణి